కుజుని మీద వాన

చంద్రుని దక్షిణ కొసన మన యంత్రం దిగిన సాయంత్రం నేను కర్నూల్లో ఒక బడిలో ఉన్నాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన బడి అది. రిటైరై ఇంట్లో కూర్చున్నా, ఇలాంటివి ఉన్నప్పుడు పిలుస్తుంటారు. హాల్లో తెర కట్టారు. పిల్లలు నేల మీద కూర్చుని, తెర మీద తగ్గుతున్న అంకెల్ని రెప్ప వేయకుండా చూశారు. దిగింది అని తెలియగానే హాలంతా లేచి నిలబడింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

తర్వాత హెడ్మిస్ట్రెస్ నా చేతికి మైకు ఇచ్చింది. గ్రహాల మీదికి పోయే యంత్రాలంటే టీచర్‌గారికి ప్రాణం, ఏ దేశం ఏది పంపినా ఆమెకు తెలియకుండా పోదు, ఆ ఇష్టం ఎట్లా మొదలైందో చెప్తారు అంది. నేను చెప్పాను. చిన్నప్పుడు అంగారకుని మీద యంత్రం దిగితే మా నాన్న ఆఫీసుకు వచ్చే పేపర్లో ఆ వార్తలు వెతుక్కుని చదివేదాన్నని, మా వీధిలో చదువురాని ఒక అక్కకు చదివి వినిపించేదాన్నని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో రెండు జడల పాప ఒకతి లేచి, ఆ అక్క ఇప్పుడు ఎక్కడుంది టీచర్ అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను.

తెలుసు. కడప అవతల ఏ ఊళ్ళో ఉందో, ఏ వీధిలో ఉందో కూడా తెలుసు. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది చెప్పలేదు. ఇంటికి వచ్చి, ఆ పాప అడిగిన మాట, నేను చెప్పిన జవాబు తలచుకుంటూ కూర్చున్నాను. ఆ అక్క గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అది కాదు.

మాది నందికొట్కూరు వైపు నేతపనివాళ్ళ ఊరు. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా లోపల గుంట మగ్గం ఆడుతున్న చప్పుడే. పొద్దున్నే వీధి పొడవునా పడుగులు కట్టి గంజి పట్టించేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, రంగుల కాగు కింద కాలే కంపకట్టెల పొగ. ఇప్పుడు ఆ వీధికి పోతే ఒక్క మగ్గం లేదు. గుంటలు పూడ్చి పైన టైల్స్ వేసుకున్నారు. పడుగులు కట్టిన చోట ఆటోలు నిలబడి ఉంటాయి.

మా నాన్న నేతగాళ్ళ సంఘం ఆఫీసులో గుమాస్తా. ఆఫీసుకు పేపరు వచ్చేది, మధ్యాహ్నం బస్సులో. సంఘం పెద్దలు చదివి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి మడిచి పెట్టాక, బడి విడిచిన నేను పోయి దాన్ని ఇంటికి తెచ్చుకునేదాన్ని. మరునాడు పొద్దున్నే జాగ్రత్తగా తిరిగి ఇచ్చేయాలి. ఆఫీసులో నెల నెలా పేపర్లన్నీ దారంతో కుట్టి పెట్టేవాళ్ళు. ఒక్క మూల చిరిగినా ప్రెసిడెంటు ఊరుకునేవాడు కాదు.

పేపరు తీసుకుని నేను నేరుగా పోయేది మా ఇంటికి కాదు, ఎదురింటికి. ఎదురింట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద పెద్దనాయన, ఒకదాని మీద ఆయన కూతురు, అక్క. వాళ్ళు మాకు చుట్టాలు కాకపోయినా వరసలతోనే పిలుచుకునేవాళ్ళం. అక్కకు అప్పటికి ఇరవై రెండో, ఇరవై మూడో. బక్కగా, పొడుగ్గా ఉండేది. గుంటలో కాళ్ళు పెట్టి, పోగు మోసే నాడెను అటూ ఇటూ పరుగెత్తిస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడేది. ఆమెకు బడి లేదు. ఆరేళ్ళకే నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. నాకు పదకొండేళ్ళు. నేను మగ్గం పక్కన పీట వేసుకుని పేపరు చదివితే, ఆమె నా ఒళ్ళో బొరుగులూ వేయించిన వేరుశనగ బుడ్డలూ పోసేది. పెద్దమ్మ చూడకుండా నేను డబ్బాలోంచి ఇంకో పిడికెడు తీసుకుని పావడాలో కట్టుకునేదాన్ని. అక్క చూసీ చూడనట్టు ఉండేది.

ఆమెకు మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. జాతకంలో కుజుడు ఏడో ఇంట్లో ఉన్నాడట. వచ్చినవాళ్ళు ఉగ్గాని తిని, బజ్జీలు తిని, పిల్ల బాగుంది అని, జాతకం చూపించుకుని వస్తామని పోయేవాళ్ళు. అంతే. పెద్దమ్మ ప్రతి మంగళవారం ఒంటిపూట ఉండి, కందులు నానబెట్టి ఆవుకు పెట్టేది. వీధిలో ఆడవాళ్ళు నూలు చుడుతూ మాట్లాడుకునేవి రెండే మాటలు ఆ ఏడు. ఒకటి వాన. వేసిన బుడ్డలు చేలో మాడిపోతున్నాయి, మేఘాలు వచ్చి చూసి పోతున్నాయి. రెండోది అక్క మీద కుజుడు.

ఒకనాడు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. అంగారక గ్రహం మీదికి పోయిన యంత్రం దిగడానికి చోటు వెతుకుతోందని. ఏదో చదవాలి కాబట్టి చదివాను. అక్క మగ్గం ఆపకుండానే, అంగారకుడంటే ఎవరు అని అడిగింది. నాకు తెలియలేదు. సాయంత్రం నాన్నను అడిగితే, కుజుడే అన్నాడు. మరునాడు పోయి ఆ మాట చెబితే అక్క నాడె ఆపింది. నాకు గుర్తున్నంతలో ఆమె నా ముఖం నేరుగా చూడటం అదే మొదలు.

"నా మీద కూసోనుండేది వాడేనా? వాని కాడికి పోతాండారా?"

మనుషులు కాదక్కా, యంత్రం ఒకటే పోతోంది అన్నాను.

"మనుసుల్లేకుండా అదొక్కటే ఎట్ల పోతాదమ్మీ. నాడెను కూడా నేను తోస్తేనే గదా పోయేది."

నేను నాన్నను సతాయించి, బడిలో సారును సతాయించి తెలుసుకుని వచ్చి చెప్పాను. ఇక్కడి నుంచి మాట పంపితే అక్కడికి పోవడానికి ఇరవై నిమిషాలు పడుతుందని. అక్క ఒక్క క్షణం ఆలోచించి పడీ పడీ నవ్వింది. ఈ పక్క తోసిన నాడె ఆ పక్కకు ఇరవై నిమిషాలకు చేరితే చీర ఎన్నడయ్యేది అంది. ఆ తర్వాత ఆమె ముఖం మారింది. అంటే అది దిగేటప్పుడు దాని పాట్లు అదే పడాల, ఎవురూ ఆదుకునేదానికి ల్యా అంది. ఆ మాట నేను ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పాను, నా మాటగా.

అప్పటి నుంచి నేను బడి విడవగానే అక్క వాకిట్లోకి వచ్చి చూసేది. "మా వాడు ఏమంటాండాడు?" అని అడిగేది. యంత్రం దిగింది. దిగిన నాలుగైదు రోజులకు మా పేపర్లో బొమ్మ వచ్చింది. నల్లటి, మసక మసక బొమ్మ. యంత్రం కాలు ఒక మూల, తక్కినదంతా రాళ్ళు. అక్క మగ్గం లోంచి పైకి వచ్చి, చేతులు చీరకు తుడుచుకుని, పేపరు వెలుగులో పట్టుకుంది.

"ఇది మన ఓర్వకల్లు గదమ్మే. బస్సులో పోతాంటే కనపడే రాళ్ళు." చాలాసేపు చూసింది. "ఉట్టి రాళ్ళు. ఈటికి నా మీద ఏం కోపమో."

పెద్దమ్మను పిలిచి చూపించింది. పెద్దమ్మ కళ్ళకద్దుకుని, దేవుణ్ణి అట్లా అనొద్దు అంది. పెద్దనాయన మగ్గం మీద నుంచే, రాళ్ళయితే నానబెట్టిన కందులు తినేది ఎవరు అన్నాడు. ఆ ఇంట్లో అందరూ నవ్విన రోజు అది. వెళ్ళేటప్పుడు అక్క వదలబుద్ధి కాకుండానే ఆ పేపరు నాకు తిరిగి ఇచ్చింది. అది చూసి నాకు మనసు ఆగలేదు. ఇంటికి పోయి, నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో బొమ్మ వరకూ కోసి మరునాడు అక్కకు ఇచ్చాను. ఆఫీసువాళ్ళు ఇచ్చేశారని చెప్పాను. ఆమె దాన్ని కండెల పెట్టెలో, అడుగున చీర మడతలో పెట్టుకుంది.

ఆఫీసులో గొడవైంది. ప్రెసిడెంటు అందరి ముందర నాన్నను అడిగాడట, పేపరు నీ ఇంటికే కదా పోయేది అని. నాన్న ఇంటికి వచ్చి నన్ను పిలిచి, నువ్వు కోశావా అని అడిగాడు. సరస్వతి మీద ఒట్టు, కోయలేదు అని పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పాను. నాన్న నమ్మాడు. దానికే నాకు భయం వేసింది.

ఆ తర్వాత నెమ్మదిగా పేపర్లో కుజుని వార్తలు తగ్గిపోయాయి. యంత్రం చెయ్యి చాపి మన్ను తీసింది, ఆ మన్నులో ప్రాణం ఉందా లేదా అని చూస్తున్నారు, ఏమీ తేలలేదు. వారానికి ఒక్క ముక్క. అక్క మాత్రం రోజూ అడిగేది. వార్త లేదంటే ఆమె ముఖం వాడిపోయేది, నా ఒళ్ళో బొరుగులు మామూలుగానే పడేవి కానీ మాటలు ఉండేవి కావు. నాకు ఆ మాటలు కావాలి. అందుకని ఉన్న వార్తకే కొంచెం కొంచెం కలిపి చదవడం మొదలుపెట్టాను. యంత్రం కంట్లో దుమ్ము పడిందని ఒకరోజు. రాయి ఒకటి ఎత్తబోయి కింద పడేసిందని ఒకరోజు. అక్క నవ్వేది. చదవడం నాకు బాగా వచ్చు, కలిపింది ఏదో, అచ్చులో ఉన్నది ఏదో నా గొంతులో తేడా తెలిసేది కాదు.

శ్రావణం వచ్చింది. వాన రాలేదు. ఒకరోజు బస్సు దారిలో చెడిపోయి పేపరే రాలేదు. ఆఫీసులో ఉన్న ముందురోజు పేపరే నేను మళ్ళీ తీసుకుని పోయాను. ఏ పేజీ తెరిచానో కూడా గుర్తుంది. నూలు దొరకడం లేదని నేతగాళ్ళు చేసుకున్న విన్నపం. దాని మీద వేలు పెట్టుకుని చదివాను. అంగారక గ్రహం మీద వాన కురిసింది. యంత్రం కాళ్ళు తడిశాయి. నేల తడిసి మన్ను వాసన వచ్చింది.

అక్క కాళ్ళు ఆగిపోయాయి. మన్ను వాసన యంత్రానికి ఎట్లా తెలుస్తుంది అని అడిగింది. దానికి ముక్కులాంటిది ఉంది అన్నాను. ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను, ఒక్క మాట మారకుండా. అక్క మగ్గం పలకకు తల ఆనించి, ఈడ పడల్యా గానీ ఆడ పడిందే అంది. ఆ పూట ఆమె మళ్ళీ నాడె ముట్టలేదు. ఊరికే కూర్చుంది. సంతోషంగా ఉంది. నేను ఇంటికి పోతూ పోతూ చాలా గొప్పదాన్ని అనుకున్నాను.

తర్వాతి ఆదివారం నాలుగో సంబంధం వచ్చింది. కడప వైపు ఊరు. అబ్బాయి ఎలిమెంటరీ బడిలో టీచరు. సంఘం పని మీద వచ్చిన వాళ్ళ నాయనతో మాట కలిపింది మా నాన్నే. అబ్బాయి, వాళ్ళ నాయన, మేనత్త వచ్చారు. పెద్దమ్మ ఇంటి ముందు పేడ కళ్ళాపి చల్లి ముగ్గు వేసింది. నూనె కాగిన వాసన వీధి చివరికి వచ్చింది. మిరపకాయ బజ్జీలు, ఉగ్గాని, చిన్న పళ్ళేలలో ఓళిగలు. నేను పట్టుపావడా కట్టుకుని పోయి అక్క పక్కనే కూర్చున్నాను. మా నాన్న చాప మీద మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు.

మేనత్త కుజుని మాట ఎత్తింది. అబ్బాయి తల వంచుకుని, నాకు అట్లాంటి పట్టింపులు లేవు అన్నాడు. తర్వాత ఎవరూ చేయని పని ఒకటి చేశాడు. అక్క వైపు తిరిగి, మీరేమనుకుంటారు అని ఆమెనే అడిగాడు. పెద్దనాయన ఏదో సర్దబోయాడు. అక్క తల ఎత్తి జవాబు చెప్పింది.

"కుజుడంటే రాళ్ళు సార్. యంత్రం దిగి ఫోటో పంపించింది. నాకాడ ఉండాది."

లేచి పోయి కండెల పెట్టెలోంచి బొమ్మ తెచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. తానూ ఈ బొమ్మ చూశానని, బడి గోడకు అంటించాలనుకున్నానని, ఇంతలో ఎవరో పేపరు పొట్లాలకు వాడేశారని చెప్పాడు. నవ్వాడు. అక్క కూడా నవ్వింది. పెద్దమ్మ తలుపు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఒక్క నిమిషం అంతా కుదిరిపోయింది. నేను చూశాను. అది నా ఊహ కాదు, అక్కడున్న పెద్దవాళ్ళు చాలా ఏళ్ళు ఆ నిమిషం గురించి మాట్లాడుకున్నారు.

ఇంకా ఏమి తెలుసు మీకు అని ఆయన అడిగాడు. పరీక్ష పెట్టినట్టు కాదు, తెలుసుకుందామనే. అక్కకు ఎన్నడూ లేని ధైర్యం వచ్చింది. ఇరవై నిమిషాల సంగతి చెప్పింది. యంత్రం చెయ్యి సంగతి చెప్పింది. మొన్న ఆడ వాన కూడా పడింది సార్ అంది.

ఆయన నొసలు ముడిచి, వానా అన్నాడు. అక్కడ నీళ్ళు లేవు కదా, ఏ పేపర్లో వచ్చింది అన్నాడు. మేనత్త అందరి ముఖాలూ చూసింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఈ పాపే సదివి చెప్పింది. అడగండి సార్."

అందరూ నా వైపు తిరిగారు, మా నాన్న తప్ప. నాన్న ఆ అబ్బాయి చేతిలో ఉన్న బొమ్మను చూస్తున్నాడు. బ్లేడుతో కోసిన అంచును, ఆ అంచు మీద సగం తెగిన అక్షరాలను చూస్తున్నాడు. అప్పుడు నాకు వాన గుర్తు లేదు, అక్క గుర్తు లేదు. సరస్వతి మీద పెట్టిన ఒట్టు గుర్తుంది, నాన్న నన్ను నమ్మిన ముఖం గుర్తుంది.

"నేను చదవలేదు" అన్నాను.

నాన్న మెల్లగా, ఈ బొమ్మ ఎవరిచ్చారు అన్నాడు. నాకు తెలియదు, నేనివ్వలేదు అన్నాను. నా గొంతు వణకలేదు. అబద్ధం చదవడం అలవాటైన గొంతు కదా.

భుజం మీద చెయ్యి ఇంకా ఉంది. కొంచెంసేపు అట్లాగే ఉంది, తర్వాత తీసేసింది. అక్క నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. మగ్గం మీద పోగు తెగినప్పుడు ఆమె పని ఆపి, తెగిన కొస ఎక్కడుందా అని వెతికేది. అట్లా చూసింది. ఆయన వైపు తిరిగి, నేనే తప్పు విన్నానేమో సార్ అంది.

వాళ్ళు మర్యాదగానే కాఫీ తాగి పోయారు. వారానికి మాట వచ్చింది. జాతకం కారణం కాదని, పిల్ల లేనివి ఉన్నట్టు చెబుతుందని, చెప్పిన దాని మీద నిలవదని మేనత్త అందట. ఆఫీసు పేపరు కోసుకున్నది కూడా ఆమేనని ఊళ్ళో అనుకున్నారు. వారం వారం చీరలు ఇవ్వడానికి సంఘానికి పోయేది కదా. ప్రెసిడెంటు ఆ తర్వాత ఆమెను వరండాలోనే నిలబెట్టి చీరలు తీసుకునేవాడు. నాన్న నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు. పోయేవరకూ అడగలేదు. నమ్మి అడగలేదో, నమ్మక అడగలేదో తెలుసుకునే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు.

పెళ్ళిచూపుల మరునాడు బడి విడిచాక పేపరు పట్టుకుని ఎదురింటికి పోయాను. ఏమీ జరగనట్టు పీట వేసుకోబోయాను. ఈ పొద్దు కండెలు శానా ఉండాయి, ఇంటికి పో అంది అక్క. విసుక్కోలేదు. ఆ రోజు, తర్వాతి రోజు, ఆ తర్వాత ఎన్నడూ ఆమె నన్ను చదవమని అడగలేదు.

దసరా తర్వాత ఆమె మా వీధి చివర ఉర్దూ బడి టీచరమ్మ ఇంటికి పోవడం మొదలుపెట్టింది. టీచరమ్మకు తెలుగూ వచ్చు. పని అయ్యాక పొద్దు కుంకేలోపు గంటసేపు, టీచరమ్మ పిల్లలతో పాటు కూర్చుని పలక మీద దిద్దుకునేది. అటు పోతుంటే కిటికీలోంచి నాకు కనిపించేది. అంత పొడుగు మనిషి వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, అ ఆ లు దిద్దడం. తోటి ఆడపిల్లలు నవ్వేవాళ్ళు. నేను ఆ వైపు పోవడం మానేసి, చుట్టు తిరిగి బడికి పోయేదాన్ని. మరుసటి ఏడు ఆమె సంఘం వరండాలో నిలబడి, చీరలు తీసుకునేలోపు, పెద్దలు పక్కన పెట్టిన పేపరు తానే చదువుకునేది. పెదవులు కదుపుతూ, ఒక్కో మాట రెండుసార్లు.

రెండేళ్ళకు ఆమె పెళ్ళయింది. కడప అవతల భార్య పోయిన నేతగాడు. మంచివాడే అన్నారు. ఒక కూతురు పుట్టింది. ఆమె జీవితం పాడైపోలేదు. ఆ మాట చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పుకున్నాను. అక్క ఆ రోజు నన్ను కాపాడింది, పసిపిల్ల తిట్లు తినకూడదని తప్పు తన మీద వేసుకుంది, అంత పెద్ద మనసు ఆమెది అని. దాని మీద ఆనుకునే నేను ఇన్నేళ్ళు బతికాను. తర్వాత ఎన్నో యంత్రాలు ఎన్నో గ్రహాల మీద దిగాయి. ప్రతిసారీ కూర్చుని చూశాను. ప్రతిసారీ అక్క కూడా చూస్తుంటుంది అనుకున్నాను. పోయి పలకరించలేదు.

బడిలో ఆ పాపకు తెలియదని చెప్పిన నెల తర్వాత కర్నూల్లో పొద్దున్నే కడప బస్సు ఎక్కాను.

నాపరాళ్ళు పరిచిన అరుగు మీద అక్క చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి. నేను పేరు చెప్పకముందే గుర్తుపట్టింది. చాప వేయించింది. మనవరాలు మజ్జిగ తెచ్చింది. యోగక్షేమాలు అయ్యాయో లేదో అక్క చంద్రుని మీద యంత్రం మాట ఎత్తింది. నాకంటే ఎక్కువ తెలుసు ఆమెకు. ఆడ చీకటి పడితే నిద్రపుచ్చినారంట, పొద్దు పొడిచినాక లేపితే లేయల్యాదంట, ఆ చలికి అంతే అంది. ఫోన్లో రోజూ చదువుతుందట. ఈయమ్మే నాకు మొదట కుజుని సంగతి సదివి చెప్పింది అని మనవరాలికి చెప్పింది. నేను గ్లాసు కింద పెట్టాను.

మనవరాలు లోపలికి పోయాక అక్క చింతపండు పక్కకు జరిపింది.

"ఒక మాట అడగాలని శానా దినాలనుంచి ఉండాది. బొమ్మ సంగతి నాకు తెల్సు, నువ్వే ఇస్తివి. మీ నాయనకు భయపడి కాదంటివి. సిన్నపిల్లవి, దాన్ని నేను పట్టించుకోల్యా. ఆ వాన మాట. నువ్వు సదివింది ఇంకేదో అయింటాది, మగ్గం సప్పుడులో నాకు వాన అని వినపడిందేమో. అంతేనా?"

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు ఆమె నన్ను కాపాడలేదు. నిజంగానే తాను తప్పు విన్నానేమో అనుకుంది.

"లేదక్కా. నువ్వు సరిగ్గానే విన్నావు. ఆ రోజు పేపరే రాలేదు. వాన నేనే కల్పించాను."

వీధిలో ఎవరో గిన్నెలకు మాట్లు వేస్తామని అరుచుకుంటూ పోయాడు. ఆయన గొంతు దూరమయ్యేదాకా ఆమె అట్లాగే కూర్చుంది.

"ఐతే నా సెవులు బాగానే ఉండ్న్యాయి" అంది చివరికి. "నేను అప్పట్నుంచి ఏది విన్నా రెండుసార్లు అడుగుతా. డాక్టరు చెప్పినా, కూతురు చెప్పినా. మా ఆయన విసుక్కుంటాండె. సరిగ్గా ఇన్నానో ల్యాదో అని నాకు గుబులు. సదువు నేర్సింది కూడా అందుకే. సెవులను నమ్మేదానికి ల్యాదని."

నేను చేతులు జోడించబోయాను. ఆమె చూడలేదు. చింతపండు చాట తీసుకుని లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. మనవరాలు వచ్చి, అవ్వ అన్నం తినిపొమ్మంటాంది అంది. పప్పు, జొన్న రొట్టె, ఎర్రకారం. అక్క నాకు ఎదురుగా కూర్చోలేదు, గడప లోపల నిలబడి వడ్డించమని మనవరాలికి చెప్పింది. వెళ్ళేటప్పుడు బయటికి వచ్చి, మూడింటికి బస్సు ఉండాది, ఎండలో నడవాకు, ఆటో ఎక్కు అంది. మళ్ళీ రమ్మనలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన, క్షమించిందా అని అడిగాడు. తెలియదన్నాను. ఈసారి అది నిజమే. మనసులో మాట చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. ఒక మనిషి తన చెవులను తానే నమ్మకుండా ఇన్నేళ్ళు బతికింది. ఆ అనుమానం తీర్చడానికి ఒక బస్సు, ఒక పూట, నోట్లోంచి ఒక్క మాట సరిపోయాయి. ఆ అనుమానం సంగతి నాకు తెలియదు, ఆ ఒక్క మాట బాకీ ఉన్నానని మాత్రం పదకొండేళ్ళ వయసు నుంచీ తెలుసు.